పొంగని రొట్టె చెప్పిన సైన్సు

మా చిన్నప్పుడు ఇంట్లో బ్రెడ్డు కనిపించిందంటే ఎవరికో జ్వరం తగిలిందని అర్థం. డాక్టరుగారు "అన్నం వద్దు, పాలూ బ్రెడ్డూ ఇవ్వండి" అంటే, సాయంత్రం మా నాన్నగారు మైనపు కాగితం చుట్టిన బ్రెడ్డు తెచ్చేవారు. జ్వరం వచ్చినవాడికి అది సహించేది కాదు, రానివాళ్ళకు పెట్టేవారు కాదు. మాది జొన్నరొట్టె తినే కర్నూలు జిల్లా. బ్రెడ్డు ఎలా తయారవుతుందో మాలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. అలాంటిది నలభై దాటాక పిండి బేసిన్ ముందేసుకుని కూర్చున్నానంటే, దానికి కారణం మా అమ్మాయి సైన్సు పేపరు.

నేను బదిలీ మీద వేరే రాష్ట్రంలో పనిచేస్తున్నాను. భార్యాపిల్లలు, అమ్మ కర్నూలులో ఉంటారు. రెండో శనివారం, నాలుగో శనివారం సెలవుల పుణ్యమా అని నెలకు రెండుసార్లు ఇంటికి వెళ్తాను. శనివారం ఉదయం దిగితే ఆదివారం రాత్రి మళ్ళీ ప్రయాణం. మనలో చాలామందికి ఈ లెక్క కొత్త కాదు. నెలకు నాలుగు రోజుల తండ్రిని కాబట్టి ఆ నాలుగు రోజుల్లోనే అన్నీ చక్కబెట్టేయాలన్న ఆత్రం నాది. ఆ ఆత్రంలో నేను ఇంట్లో పెడుతున్నది రివ్యూ మీటింగు. బూట్లు విప్పకముందే "టెస్టులో ఎన్ని వచ్చాయి? పోయినసారి కన్నా ఎందుకు తగ్గాయి?" అని మొదలుపెట్టేవాణ్ణి. ఏడో తరగతి చదివే అమ్మాయి "వచ్చాయి నాన్నా", "చదువుతున్నా నాన్నా" అని రెండు ముక్కల్లో జవాబిచ్చి లోపలికి వెళ్ళిపోయేది. టార్గెట్ చేరని మేనేజరు పై ఆఫీసుకు చెప్పే జవాబుల్లా ఉండేవి అవి. ఈ పోలిక నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఒక రెండో శనివారం సైన్సు పేపరు చేతికొచ్చింది. "రొట్టె పిండిలో ఈస్టు కలిపి వెచ్చని చోట ఎందుకు ఉంచుతారు?" అన్న ప్రశ్నకు అమ్మాయి కిణ్వనం అంటే ఏమిటో పుస్తకంలో ఉన్న నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా రాసింది. సగం మార్కులే పడ్డాయి. "వెచ్చగా ఎందుకు ఉంచాలో రాయలేదేం?" అన్నాను. "పుస్తకంలో అంతే ఉంది నాన్నా" అంది. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. నేను చదివింది కామర్స్, ఆ తరువాత ఎంబీఏ. కానీ తండ్రి హోదాలో ఉన్నవాడు తెలియదని ఎలా అంటాడు? "రేపు రొట్టె చేసి చూపిస్తాను, నీకే అర్థమవుతుంది" అనేశాను.

ఇటుక లాంటి రొట్టె

ఆదివారం ఉదయం మైదా, ఈస్టు తెచ్చాను. వెచ్చదనం ఈస్టుకు మంచిదని పుస్తకం చెబుతోంది. అలాంటప్పుడు ఇంకాస్త వేడి ఇంకా మంచిదే కదా అనుకున్నాను. పైగా మా అమ్మ జొన్నరొట్టెకు మరుగుతున్న నీళ్ళే పోసి పిండి కలపడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. అదే ధైర్యంతో పొగలు కక్కే నీళ్ళలో ఈస్టు వేసి, మైదాలో పోసి కలిపి, మూతపెట్టాను.

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. అయినా పట్టువదలక ఓవెన్లో పెట్టాను. బయటికి వచ్చినదాన్ని మూడో తరగతి చదివే మా అబ్బాయి చేత్తో పట్టుకుని చూసి, "దీన్ని వికెట్లకు ఆనుగా పెట్టుకోవచ్చు నాన్నా" అన్నాడు. మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి అవతలి గదిలోకి వెళ్ళింది.

నేను దాన్ని చెత్తబుట్టలో పడేయబోతూ, "ఈస్టు పాతదై ఉంటుంది, షాపువాడు మోసం చేశాడు" అన్నాను. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న అమ్మాయి అడిగింది: "పాతదని నీకెలా తెలుసు నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. బ్రాంచిలో ఎవరైనా స్టాఫ్ ఇలాంటి కారణం చెబితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. "ఆధారం ఏది?" అని అడిగేవాణ్ణి. "తెలియదమ్మా" అన్నాను. ఆ మాట నా నోటి వెంట వినడం దానికి అదే మొదటిసారి అనుకుంటాను. లోపలికి వెళ్ళి నోట్‌బుక్ తెచ్చుకుంది.

మూడు సీసాలు

అనుమానితులు ఇద్దరు: ఒకటి ఈస్టు, రెండు నీళ్ళు. ఇద్దరినీ విడివిడిగా విచారించాలి. సన్నమూతి గాజు సీసాలు మూడు తీసుకున్నాం. ఒక్కోదానిలో ఒక చెంచా ఈస్టు, రెండు చెంచాల చక్కెర, అర గ్లాసు నీళ్ళు. ఈస్టు ఒకే ప్యాకెట్టుది, చక్కెర ఒకే డబ్బాది, కొలతలు ఒకటే. తేడా అల్లా నీళ్ళ వేడిలోనే. మొదటి సీసాలో ఫ్రిజ్ నీళ్ళు పోసి, దాన్ని ఐసుముక్కల గిన్నెలో నిలబెట్టాం. రెండోదానిలో గోరువెచ్చని నీళ్ళు. మూడోదానిలో మరిగించి దించిన నీళ్ళు. ఇది మాత్రం నేనే, సీసా పగలకుండా ముందు గోరువెచ్చని నీళ్ళతో తొలిచి పోశాను. మూడింటి మూతులకూ బెలూన్లు తొడిగాం.

అరగంటలో రెండో సీసా మీది బెలూన్ లేచి నిలబడింది. మిగతా రెండూ వాలిపోయి ఉన్నాయి. ఈస్టు మంచిదే! షాపువాడి మీద నేను వేసిన నింద అక్కడితో కొట్టేశారు. తప్పు నీళ్ళది. అంటే పోసినవాడిది.

ఈస్టు అంటే ఏమిటో అప్పుడు ఇద్దరం కలిసి చదివాం. అది పొడి కాదు, ఒకే కణంతో బతికే శిలీంధ్రం, పుట్టగొడుగుల వంశానిది. దాని శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరివిసియే. ప్యాకెట్టులో ఉన్నది నీరు తీసేసి నిద్రపుచ్చిన ఈస్టు. నీళ్ళు, చక్కెర, వెచ్చదనం దొరికితే లేచి చక్కెరను తిని కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్ వదులుతుంది. బెలూన్‌ను నింపింది ఆ గ్యాసే. "అయితే బ్రెడ్డులో మందు ఉంటుందా?" అని మావాడు కళ్ళు పెద్దవి చేశాడు. ఉన్న ఆ కాస్తా కాల్చేటప్పుడు చాలామటుకు ఆవిరైపోతుందని చెప్పాక గానీ మా అమ్మ మనసు కుదుటపడలేదు.

1680లో డచ్చి దేశస్థుడు లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో ఈస్టు కణాలను చూశాడు. అవి ప్రాణమున్నవని మాత్రం అనుకోలేదు. పులియడమనేది జీవుల పని అని 1857 నుంచి వరుస ప్రయోగాలతో నిరూపించినవాడు లూయీ పాశ్చర్. వేల ఏళ్ళుగా రొట్టె చేస్తున్న మనిషికి అందులో పనిచేస్తున్నది ఎవరో తెలియడానికి అంతకాలం పట్టింది. నాకు ఒక ఆదివారం పట్టడంలో తప్పులేదని సర్దిచెప్పుకున్నాను.

ఆ రాత్రి బండి ఎక్కి కూర్చున్నాక ఫోను మోగింది. అమ్మాయి. మామూలుగా వాళ్ళమ్మ చేసి ఫోను దాని చేతికిస్తుంది. ఆ రోజు అదే చేసింది. "నాన్నా, ఐసు కరిగిపోయింది కదా, చల్లనీళ్ళ బెలూన్ కూడా లేచింది! వేడినీళ్ళది మాత్రం నీళ్ళు ఎప్పుడో చల్లారినా లేవలేదు. అంటే చల్లగా ఉంటే ఈస్టు నిద్రపోతుంది. వేడికి చచ్చిపోతుంది." ఈస్టుకు ముప్పైఅయిదు డిగ్రీల అటూఇటూ హాయి, 55, 60 డిగ్రీలు దాటితే బతకదు. ఈ అంకెలు తరువాత చూసుకున్నాం. కానీ పరీక్షలో పోయిన సగం మార్కుల జవాబు ఆ ఫోనులోనే ఉంది. అది ఏ పుస్తకంలోంచీ ఎత్తిరాసింది కాదు. మార్కుల ఊసు లేకుండా మేమిద్దరం పది నిమిషాలు మాట్లాడుకున్నాం.

గ్యాసును పట్టి ఉంచేది ఎవరు?

నాలుగో శనివారానికి దాని దగ్గర కొత్త ప్రశ్న సిద్ధంగా ఉంది. సీసాలో గ్యాసును బెలూన్ పట్టుకుంది, మరి పిండిలో ఎవరు పట్టుకుంటారు?

దీనికీ ఒక చిన్న ప్రయోగం ఉంది. గుప్పెడు మైదాను చపాతీ ముద్దలా గట్టిగా కలిపి, బాగా పిసికి, అరగంట నీళ్ళలో నానబెట్టాలి. తరువాత గిన్నెడు నీళ్ళలో మెల్లగా పిసుకుతూ కడగాలి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి. అది పిండిపదార్థం. నీళ్ళు మార్చి మార్చి కడిగితే చివరికి చేతిలో రబ్బరులా సాగే చిన్న ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. గోధుమలో ఉండే రెండు రకాల ప్రోటీన్లు నీటితో కలిసి, పిసికేకొద్దీ అల్లుకుని ఈ సాగే వల తయారవుతుంది. ఈస్టు వదిలే గ్యాసు ఈ వలలో చిక్కుకుని లక్షల చిన్న బెలూన్లుగా నిలుస్తుంది. రొట్టె కోసినప్పుడు కనిపించే కన్నాలు అవే.

అదే పని బియ్యప్పిండితో, జొన్నపిండితో చేసి చూడండి. ముద్ద నీళ్ళలో కరిగి విడిపోతుంది, చేతిలో ఏమీ మిగలదు. అది చూసి మా అమ్మ అంది: "అందుకే నాయనా, జొన్నరొట్టెను కర్రతో ఒత్తలేం, చేత్తో తట్టాల్సిందే. మరిగే నీళ్ళు పోస్తేనే పిండికి జిగి వస్తుంది." జొన్నలో గ్లూటెన్ లేదు. వేడినీళ్ళకు పిండిపదార్థం ఉడికి జిగురవుతుంది, ఆ జిగురే రొట్టె విరగకుండా కాపాడుతుంది. అమ్మ పద్ధతి జొన్నకు సరైనదే. దాన్ని ఈస్టు మీద ప్రయోగించడమే నా తెలివితక్కువతనం.

వెంటనే ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. "మరి నా ఇడ్లీపిండిలో ఈస్టు ఎవరు వేశారు? గోధుమా లేదే?" ఇడ్లీపిండిని పొంగించేవి ముఖ్యంగా బాక్టీరియా. ల్యూకోనోస్టాక్ అనే రకం అందులో ప్రధానమైనది. అవి మినపప్పుతోనే వస్తాయి, మనం తెచ్చి వేయనక్కరలేదు. గ్యాసును పట్టి ఉంచేది మినపప్పు జిగురు. చలికాలంలో ఇడ్లీపిండి గిన్నెను పొయ్యి పక్కన పెట్టే మా అమ్మకు, పరీక్షలో వచ్చిన ప్రశ్నకు జవాబు ఎప్పటినుంచో తెలుసు. మేమే ఆవిడను అడగలేదు.

గోవాలో పాత రోజుల్లో పావ్ చేసేవాళ్ళు ఈస్టుకు బదులు కొబ్బరి కల్లు కలిపేవారు. పులిసే కల్లులో సహజంగానే ఈస్టు ఉంటుంది. పావ్ అన్న మాట రొట్టెకు పోర్చుగీసు వాళ్ళు వాడే మాటే.

మీ ఇంట్లో చేయాలంటే

మేము రెండోసారి చేసి, తిన్న రొట్టె లెక్క ఇది. మైదా 300 గ్రాములు, గోరువెచ్చని నీళ్ళు 200 మిల్లీలీటర్లు, డ్రై ఈస్టు ఒక చిన్న చెంచా, చక్కెర ఒక పెద్ద చెంచా, ఉప్పు ఒక చిన్న చెంచా, నూనె ఒక పెద్ద చెంచా.

నీళ్ళ వేడికి థర్మామీటరు అక్కర్లేదు. చంటిపిల్లకు పట్టే పాలను ఎలా చూస్తామో అలా మణికట్టు మీద చుక్క వేసుకుంటే చాలు, వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. అందులో చక్కెర, ఈస్టు వేసి పది నిమిషాలు ఉంచితే పైన నురగ కడుతుంది. నురగ రాకపోతే అక్కడే ఆగండి, పిండి వృథా కాదు. వస్తే మైదా, ఉప్పు, నూనె కలిపి పది నిమిషాలు పిసకాలి. ఈ పని పిల్లలకు వదిలేయండి. మొదట చేతికి అంటుకునే ముద్ద పిసికేకొద్దీ నున్నగా మారడం వాళ్ళు చేతులతోనే తెలుసుకుంటారు. పచ్చి పిండి నోట్లో పెట్టుకోకుండా మాత్రం చూడండి.

ఇందులోంచి నిమ్మకాయంత ముద్ద తీసి నిటారు గ్లాసులో అడుగుకు ఒత్తి, దాని ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండు వేయండి. మిగతా ముద్దను నూనె రాసిన గిన్నెలో పెట్టి తడిగుడ్డ కప్పండి. పదిహేను నిమిషాలకోసారి పిల్లలు స్కేలుతో గ్లాసులో ఎత్తు కొలిచి రాసుకోవాలి. మొదటి పావుగంట దాదాపు ఏమీ కదలదు, తరువాత వేగం అందుకుంటుంది. మా కర్నూలు ఎండాకాలంలో ముప్పావుగంటకే ముద్ద రెట్టింపు అవుతుంది. చలికాలం ఉదయం గంటన్నర పట్టవచ్చు. అమ్మాయి ఆ అంకెలతో గ్రాఫు గీసింది. మనం బ్రాంచిలో గీసే డిపాజిట్ల గ్రాఫు కన్నా అది నిజాయితీగా ఉంది, మార్చి నెలాఖరులో హఠాత్తుగా లేవదు.

రెట్టింపయిన ముద్దను మెల్లగా నొక్కి గాలి తీసి, పొడవుగా చుట్టి, నూనె రాసిన కేకు గిన్నెలో ఇంకో అరగంట పొంగనివ్వాలి. ఓవెన్ ముందే 200 డిగ్రీలకు వేడి చేసి, సుమారు 30 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేనివాళ్ళు అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో రెండంగుళాలు ఇసుకో ఉప్పో పోసి, స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేసి, రొట్టె గిన్నెను అందులో ఉంచి నడిమంట మీద 40 నిమిషాల దాకా కాల్చవచ్చు. పైభాగం అంతగా ఎర్రబడదు, రుచికి లోటుండదు. విజిల్, గాస్కెట్ బిగించిన కుక్కరును నీళ్ళు లేకుండా ఇందుకు వాడకండి. పొయ్యి దగ్గర పనంతా పెద్దవాళ్ళదే.

రొట్టె అడుగున వేలితో తడితే డొల్ల శబ్దం వస్తే ఉడికినట్టు. కోయడానికి గంట ఆగాలి. వేడి మీద కోస్తే లోపల ముద్దముద్దగా ఉంటుంది. పిల్లలకు కష్టమైన ఘట్టం ఇదే.

వేడిలో ఏం జరుగుతుంది?

ఓవెన్లోకి వెళ్ళిన మొదటి కొద్ది నిమిషాల్లో రొట్టె గబుక్కున ఇంకాస్త లేస్తుంది. వేడికి గ్యాసు వ్యాకోచిస్తుంది, ఈస్టు చివరిసారిగా చురుగ్గా పనిచేస్తుంది. వేడి పెరిగాక ఈస్టు చనిపోతుంది, పిండిపదార్థం ఉడుకుతుంది, గ్లూటెన్ వల గట్టిపడి ఆ ఆకారంలోనే నిలిచిపోతుంది.

పైన ఎర్రగా, లోపల తెల్లగా ఎందుకు? లోపల తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. పైభాగం ఎండిపోయి అంతకు మించి వేడెక్కుతుంది. అక్కడ చక్కెరలు, ప్రోటీన్లు కలిసి ఆ రంగు, ఆ కమ్మని వాసన పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మైయార్ పేరే దానికి పెట్టారు. దోసె ఎర్రగా కాలడం కూడా ఇదే.

కాల్చకముందు ముద్దను తూచాం: 530 గ్రాములు. కాల్చాక రొట్టె 465. "65 గ్రాములు ఎక్కడికి పోయాయి?" అని అడిగాను. "నువ్వు తినేశావు" అన్నాడు మావాడు. "ఆవిరి" అంది అమ్మాయి. క్యాషు తేడా వచ్చినప్పుడు మన కౌంటర్లో ఇంత తొందరగా తేలదు.

ఒక్కోసారి ఒక్కటే

ఇప్పుడు ఇది మా ఇంట్లో నెలకోసారి జరిగే పని. మేము పెట్టుకున్న నియమం ఒకటే: ఒకసారి ఒక్క మార్పు. మైదాలో సగం గోధుమపిండి వేస్తే రొట్టె తక్కువ పొంగింది. గోధుమ పొట్టు ముక్కలు ఆ గ్లూటెన్ వలను అక్కడక్కడా తెంపుతాయి. ఉప్పు మానేస్తే ముద్ద తొందరగా పొంగి, రొట్టె చప్పగా వచ్చింది. ఈస్టు దూకుడుకు పగ్గం వేసేది ఉప్పు. ఒకేసారి రెండు మార్చి ఉంటే ఏది దేనివల్ల జరిగిందో తెలిసేది కాదు. ఎంబీఏలో ఈ మాట నేను చదివి పాసయ్యాను. బ్రాంచిలో మాత్రం ఒకే నెలలో అయిదు మార్పులు చేసి, ఫలితం వస్తే నా గొప్ప, రాకపోతే మార్కెట్ తప్పు అన్న రోజులున్నాయి.

పిల్లలతో చేయాలనుకునే మిత్రులకు నాదొక సలహా. మొదటి రొట్టె బాగా రావాలని పట్టుబట్టకండి, చెడిపోతే పడేయడానికి తొందరపడకండి. నా మొదటి రొట్టె మెత్తగా వచ్చి ఉంటే పిల్లలు తినేసి ఆటకు వెళ్ళేవారు. కారణం మీకు తెలిసినా వెంటనే చెప్పకండి. తెలియకపోతే ఇంకా మంచిది.

అమ్మాయి మార్కులు ఒక్కసారిగా పెరిగాయని రాస్తే కథ బాగుంటుంది గానీ, అబద్ధమవుతుంది. కాస్త అటూఇటూగా అలాగే ఉన్నాయి. నేను ఇంట్లో అడుగుపెట్టి అడిగే మొదటి ప్రశ్న మాత్రం మారింది. మొన్న బుధవారం రాత్రి క్లోజింగ్ పనిలో ఉండగా దాని ఫోను వచ్చింది. ఈసారి ఈస్టు కొనకుండా, గోధుమపిండి, నీళ్ళు కలిపి అయిదారు రోజులు పులియబెట్టి రొట్టె చేయాలట. వాళ్ళ అవ్వ ఇడ్లీపిండి గిన్నె పక్కనే సీసా పెట్టి, రోజూ కొలిచి రాస్తోందట. అంతా చెప్పాక చివర్లో ఒక షరతు పెట్టింది.

"శనివారం నువ్వు రా నాన్నా. కానీ నీళ్ళు మాత్రం నేనే పోస్తాను."